కడుపులో ఉండగా వైరస్ సోకిన బిడ్డ: ఎదుగుదలను ఏళ్ల తరబడి కనిపెట్టుకోవడం ఎలా?

మా అమ్మాయి పుట్టిన రెండో రోజున వినికిడి పరీక్ష చేశారు. రెండు చెవులూ బాగున్నాయన్నారు. నాకు మూడో నెలలో సైటోమెగాలో వైరస్ సోకింది. దాన్నే పొట్టిగా సీఎంవీ అంటారు. అది బిడ్డకూ చేరిందని పన్నెండో రోజున చేసిన మూత్ర పరీక్షలో తేలింది. అయినా బరువు బాగుంది, తల బాగుంది, పాలు చక్కగా తాగుతోంది. ఇంటిల్లిపాదీ గండం గడిచిందనుకున్నాం. రెండేళ్ల నాలుగు నెలల వయసులో, ఎడమవైపు నుంచి పిలిస్తే కుడివైపు తిరిగి నన్ను వెతుక్కుంటున్న పిల్లను చూసి నా గుండె జారిపోయింది. ఎడమ చెవి వినికిడి దాదాపు పూర్తిగా పోయింది. ఎప్పుడు పోయిందో చెప్పడానికి ఆధారం లేదు. పుట్టినప్పటి పరీక్ష తర్వాత మేం మరొక్కసారి కూడా చేయించలేదు మరి.

పుట్టినప్పటి పరీక్ష ఆ రోజు సంగతే చెబుతుంది. నడవాల్సిన వయసు రాకముందు నడక దెబ్బతిన్నదో లేదో ఎవరు చెప్పగలరు? మాట, చూపు, ధ్యాస, చదువు అన్నీ అంతే. ఏ పని ఏ వయసులో మొదలవ్వాలో అప్పుడే అందులోని లోటు బయటపడుతుంది. అందుకని ఈ పిల్లలను బడి వయసు దాటేదాకా కనిపెట్టుకుని ఉండాలి. మేం చేయకుండా వదిలేసినవి, ఆ తర్వాత నేర్చుకుని చేసినవి కలిపి ఒక వరసలో రాస్తున్నాను. చికిత్స నిర్ణయించేది మీ పిల్లల వైద్యులే. వారి దగ్గరకు ఏం పట్టుకుని వెళ్లాలో, ఏం అడగాలో తెలుసుకోవడానికి ఇది ఉపయోగపడుతుంది.

1. ఒక నోటు పుస్తకం పెట్టండి

మొదటి పేజీలో మూడు విషయాలు రాయండి: ఏ వైరస్, గర్భం ఎన్నో వారంలో సోకింది, బిడ్డకు చేరిందని పరీక్షలో తేలిందా లేదా. వైద్యులు మారినా, ఊరు మారినా ఈ పేజీ మారదు. వెనుక పేజీల్లో పరీక్షల నకళ్లు తేదీల వారీగా అంటించండి.

ఆ మూడో విషయం ఎందుకు ముఖ్యమంటే, తల్లికి సోకడం వేరు, బిడ్డకు చేరడం వేరు, బిడ్డకు హాని జరగడం ఇంకా వేరు. చాలామంది ఈ మూడింటినీ ఒకటే అనుకుని నిద్ర లేకుండా గడుపుతారు. సీఎంవీ సోకి పుట్టిన పిల్లల్లో సుమారు అయిదుగురిలో ఒకరికే దీర్ఘకాలిక సమస్యలు వస్తాయి. రుబెల్లా (జ్వరం, దద్దుర్లతో వచ్చే మరో వైరస్ జబ్బు) మాత్రం మొదటి 12 వారాల్లో సోకితే చాలా ప్రమాదం. 90 శాతం వరకు గర్భాల్లో అది బిడ్డ దాకా పోతుంది. నెలలు గడిచేకొద్దీ ఆ ప్రమాదం వేగంగా తగ్గుతుంది. దోమకాటుతో సోకే జికా వైరస్ కూడా మొదటి మూడు నెలల్లోనే ఎక్కువ హాని చేస్తుంది. ఫ్లూ, కోవిడ్ వంటివి మాయను దాటి బిడ్డను చేరడం అరుదు. వాటిలో అసలు చిక్కు తల్లి జబ్బు తీవ్రమై కాన్పు నెలలు నిండకుండానే రావడం. నెలల ముందు పుట్టడం కూడా ఎదుగుదలను కొంత వెనక్కు లాగుతుంది కాబట్టి, ఆ పిల్లలకూ ఈ వరసలో చాలా భాగం వర్తిస్తుంది.

2. మొదటి 21 రోజులు చేజారనివ్వకండి

సీఎంవీ అనుమానం ఉంటే బిడ్డ మూత్రం గానీ లాలాజలం గానీ పుట్టిన 21 రోజుల్లోపే పరీక్షకు వెళ్లాలి. ఆ తర్వాత వైరస్ కనిపించినా అది కడుపులో సోకిందో, పుట్టాక తల్లిపాల ద్వారానో మరోలాగానో వచ్చిందో తేల్చడం కష్టం. లాలాజలం తీయాలంటే పాలు తాగి కనీసం గంట గడవాలి, లేకపోతే పాలలోని వైరస్ లెక్కలోకి వచ్చేస్తుంది. లాలాజలంలో ఉందని తేలితే మూత్రంతో మళ్లీ నిర్ధారించుకుంటారు.

గడువు దాటిపోయిందా? పుట్టిన కొత్తలో మడమ నుంచి రక్తపు బొట్లు తీసి ఆరబెట్టిన కార్డు ఎక్కడైనా భద్రంగా ఉందేమో అడగండి. దాని మీద కూడా పరీక్ష చేయవచ్చు. అందులో వైరస్ కనబడితే కడుపులోనే సోకినట్టు. కనబడకపోతే మాత్రం సోకలేదని గట్టిగా చెప్పలేరు.

ఇదే సమయంలో వైద్యులు తలకు అల్ట్రాసౌండ్, కంటి లోపలి పొర పరీక్ష, రక్తకణాలు, కాలేయం పరీక్షలు చేయిస్తారు. మెదడులో సున్నం పేరుకున్న చుక్కలు, నీరు చేరిన గదులు అల్ట్రాసౌండ్‌లో కనబడతాయి. రుబెల్లా అయితే గుండె పరీక్ష కూడా తప్పనిసరి. సీఎంవీ లక్షణాలు గట్టిగా ఉన్న పిల్లలకు వాల్‌గాన్‌సిక్లోవిర్ అనే మందు మొదటి నెలలోనే మొదలుపెట్టి ఆరు నెలలు ఇవ్వడం ఆనవాయితీ. వినికిడికీ ఎదుగుదలకూ అది కొంత మేలు చేస్తుంది. తెల్ల రక్తకణాలను తగ్గించే గుణం ఉంది కాబట్టి తరచూ రక్తపరీక్ష చేస్తూ వాడాలి. లక్షణాలు లేని బిడ్డకు ముందుజాగ్రత్తగా ఇమ్మని పట్టుబట్టకండి.

3. తల చుట్టుకొలత మీరే కొలవడం నేర్చుకోండి

2015లో బ్రెజిల్ ఈశాన్య ప్రాంతంలో చిన్న తలలతో పిల్లలు ఎక్కువగా పుడుతున్నారని అక్కడి వైద్యులు గమనించడంతోనే జికా కథ బయటపడింది. 2016 ఫిబ్రవరి 1న ప్రపంచ ఆరోగ్య సంస్థ అంతర్జాతీయ అత్యవసర పరిస్థితి ప్రకటించింది. ఆ తర్వాత తెలిసిన మరో సంగతి తల్లిదండ్రులకు ఇంకా ముఖ్యం: పుట్టినప్పుడు తల మామూలుగానే ఉన్న కొందరు పిల్లలకు ఆ పైన నెలల్లో ఎదుగుదల మందగించి తల చిన్నదైపోయింది. ఒక్కసారి కొలిచి ఊరుకుంటే ఇది ఎవరికీ తెలియదు.

సాగని టేపు తీసుకోండి. బట్ట టేపు వాడగా వాడగా సాగుతుంది, కొలత తప్పుతుంది. బిడ్డను ఎవరైనా ఒళ్లో కూర్చోబెట్టుకోవాలి. జడ, క్లిప్పు, టోపీ తీసేయండి. ముందు కనుబొమల మీదుగా, పక్కన చెవుల పైనుంచి, వెనుక తల బాగా ఉబ్బి ఉన్న చోటు మీదుగా టేపు తిప్పండి. వెనుక భాగంలో ఒక వేలి మందం పైకీ కిందికీ జరిపి చూడండి. ఎక్కువ వచ్చిన అంకె లెక్క. టేపు జుట్టును నొక్కేంత బిగువుగా ఉండాలి. మూడుసార్లు కొలిచి పెద్ద కొలతను మిల్లీమీటరుతో సహా రాయండి. మొదటిసారి నాకు మూడు కొలతలూ మూడు రకాలుగా వచ్చాయి. నాలుగో వారానికి చేయి తిరిగింది.

నెలలు నిండి పుట్టిన బిడ్డకు తల సుమారు 34, 35 సెంటీమీటర్లు ఉంటుంది. మొదటి మూడు నెలలు నెలకు దాదాపు 2 సెంటీమీటర్లు, తర్వాతి మూడు నెలలు నెలకు 1, ఆ పైన ఏడాది దాకా నెలకు అర సెంటీమీటరు చొప్పున పెరుగుతుంది. అంటే ఏడాదిలో 12 సెంటీమీటర్లు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎదుగుదల పట్టికలో చుక్క పెట్టండి. ఆడపిల్లలకు, మగపిల్లలకు వేర్వేరు పట్టికలు ఉంటాయి. ఒక్క చుక్క కింద ఉందని బెంబేలు పడనక్కర్లేదు. ఇంట్లో అందరి తలలూ చిన్నవైతే బిడ్డదీ అంతే. కానీ వరసగా చుక్కలు ఒక గీత నుంచి కింది గీతకు, అక్కడి నుంచి ఇంకా కిందికి జారుతుంటే ఆ పట్టిక పట్టుకుని వెళ్లండి. అకస్మాత్తుగా పైకి ఎగబాకినా వెళ్లాల్సిందే. అది మెదడులో నీరు చేరడానికి గుర్తు కావచ్చు.

4. చెవుల విషయంలో ఎవరి భరోసానూ నమ్మి ఊరుకోకండి

ఇక్కడ నేను కాస్త గట్టిగా మాట్లాడతాను, నన్ను మన్నించండి. వంశపారంపర్యం కాని పుట్టు చెవుడుకు అన్నిటికంటే పెద్ద కారణం సీఎంవీ. లక్షణాలేమీ లేకుండా పుట్టిన పిల్లల్లో కూడా నూటికి పది, పదిహేను మందికి వినికిడి తగ్గుతుంది. అది పుట్టాక నెలలకో ఏళ్లకో మొదలవ్వవచ్చు, ఒక చెవితో మొదలై రెండో చెవికి పాకవచ్చు. అంతర్జాతీయ నిపుణుల బృందం 2017లో చేసిన సిఫారసు ప్రకారం మొదటి మూడేళ్లు ఆరు నెలలకోసారి, ఆ పైన యుక్తవయసు దాకా ఏడాదికోసారి పరీక్ష చేయించాలి. ఈ తేదీలను టీకాల తేదీలంత నిష్ఠగా నోటు పుస్తకంలో ముందే వేసుకోండి.

ఏ పరీక్ష చేస్తున్నారో కూడా అడగండి. చెవిలో చిన్న బుడిపె పెట్టి చేసే ఓఏఈ పరీక్ష లోపలి చెవి స్పందనను మాత్రమే చూస్తుంది. నెత్తి మీద తీగలు అతికించి, బిడ్డ నిద్రపోతుండగా చేసే ఏబీఆర్ పరీక్ష శబ్దం నరం ద్వారా మెదడు కాండం దాకా చేరుతోందో లేదో చెబుతుంది. ఈ పిల్లలకు రెండోది కావాలి.

ఇంట్లో గమనించడం మంచిదే, కానీ అదే పరీక్ష అనుకోకండి. పళ్లెం మోగిస్తే బిడ్డ ఉలిక్కిపడింది కాబట్టి వినబడుతోందని మా ఇంట్లో పెద్దవాళ్లు తేల్చేశారు. నేల అదిరినా, నీడ కదిలినా బిడ్డ ఉలిక్కిపడుతుంది. ఒక చెవి బాగుంటే పిలిస్తే పలుకుతుంది కూడా. తప్పు దిక్కుకు తిరుగుతోందా, ఆట ఫోనును ఎప్పుడూ ఒకే చెవికి పెట్టుకుంటోందా, గోలగా ఉన్న చోట మాట అందక విసుక్కుంటోందా, ఇవి చూడండి. మా పిల్ల ఫోనును ఎడమ చెవి దగ్గర పెట్టినప్పుడల్లా చేతులు మార్చి కుడి చెవికి తెచ్చుకునేది. నేను దాన్ని ముద్దుగా చూసి నవ్వేదాన్ని.

లోపం తేలితే కాలయాపన వద్దు. పుట్టుకతోనే లోపం ఉంటే నెలలోపు వడపోత పరీక్ష, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు వినికిడి యంత్రం గానీ ఇతర సాయం గానీ అందాలన్నది ప్రపంచమంతా పాటించే లెక్క. యంత్రం సరిపోనంత లోపమైతే కాక్లియర్ ఇంప్లాంట్ (ఆపరేషన్ చేసి లోపలి చెవిలో అమర్చే వినికిడి పరికరం) గురించి మొదటి ఏడాదిలోనే మాట్లాడండి. సైగల భాష నేర్పితే మాట రాదన్న మాట పట్టించుకోకండి. బిడ్డ బుర్రకు ఆ వయసులో ఏదో ఒక భాష నిండుగా అందడం ముఖ్యం.

5. కళ్లు

మూడు నెలలకు బిడ్డ మీ ముఖాన్ని చూపుతో వెంబడించాలి. కనుపాపలో తెల్లని మచ్చ, ఆగకుండా ఊగే కళ్లు, తగ్గని మెల్ల కనబడితే వెంటనే కంటి వైద్యుల దగ్గరకు వెళ్లండి. రుబెల్లాకూ కడుపులోని బిడ్డకూ ఉన్న సంబంధాన్ని మొదట కనిపెట్టింది కంటి వైద్యుడే. 1941లో ఆస్ట్రేలియాలో నార్మన్ గ్రెగ్ తన దగ్గరకు పుట్టు శుక్లాలతో వస్తున్న పసివాళ్ల తల్లులకు గర్భంలో రుబెల్లా వచ్చిందని గుర్తించారు. కన్ను బాగానే ఉన్నా మెదడులో చూపు కేంద్రం దెబ్బతినడమూ ఉంది, జికా పిల్లల్లో మరీ ఎక్కువ. అలాంటి బిడ్డకు ఒకే రంగు దుప్పటి మీద, ఒక్క మెరిసే బొమ్మను, నిశ్శబ్దంగా ఉన్న గదిలో మెల్లగా కదిపి చూపండి. పది బొమ్మలు ఒకేసారి పరిస్తే ఏదీ కనబడదు.

6. మెడ నిలపడం నుంచి నడక దాకా

పక్కింటి బిడ్డతో పోల్చకండి. ఆరోగ్యవంతులైన పిల్లల్లోనే తేడాలు చాలా ఉంటాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలిచిన లెక్కల్లో ఆసరా లేకుండా కూర్చోవడం 3.8 నుంచి 9.2 నెలల మధ్య, సొంతంగా నడవడం 8.2 నుంచి 17.6 నెలల మధ్య ఎప్పుడైనా వస్తుంది. ఆ చివరి హద్దు దాటితే ఆగకండి. నెలల ముందు పుట్టిన బిడ్డకు రెండేళ్ల దాకా, పుట్టాల్సిన తేదీ నుంచే వయసు లెక్కపెట్టండి.

హద్దు దాకా ఎదురుచూడకూడని గుర్తులు కొన్ని ఉన్నాయి. అయిదో నెల వచ్చినా పిడికిళ్లు విప్పకపోవడం, ఎత్తుకున్నప్పుడు కాళ్లు కత్తెరలా బిగుసుకోవడం, ఏడాది లోపే ఒక చేతినే వాడుతూ రెండో చేతిని పట్టించుకోకపోవడం, వచ్చిన విద్య మళ్లీ పోవడం. ఏడాది లోపు ఎడమచేతి వాటం ముచ్చటగా కనిపిస్తుంది, కానీ అది రెండో వైపు బలహీనతకు గుర్తు కావచ్చు. కండలు బాగానే ఉండి నడక మాత్రం ఆలస్యమైతే లోపలి చెవిలో ఒళ్లు తూలకుండా నిలిపే భాగాన్ని పరీక్షించమని అడగండి. సీఎంవీ వినికిడితో పాటు దాన్నీ దెబ్బతీస్తుంది. చీకట్లో తూలడం, కళ్లు మూసుకుంటే పడిపోవడం దాని జాడలు.

ఇక మూర్ఛ. నిద్ర లేచిన వెంటనే బిడ్డ ఒక్కసారిగా ముందుకు వంగి, రెండు చేతులూ చాచి, క్షణం ఆగి, మళ్లీ అలాగే చేస్తూ వరసగా కుదుపులు వస్తుంటే ఫోనులో వీడియో తీసి ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. చూడటానికి ఉలికిపాటులాగే ఉంటుంది, కడుపునొప్పి అనుకుంటారు. పసిపిల్లల్లో వచ్చే ఈ రకం మూర్ఛ మెదడు ఎదుగుదలను ఆపేస్తుంది, అందుకే ఒక్క రోజు కూడా విలువైనదే. పాలు తాగేటప్పుడు ప్రతిసారీ పొలమారడం, దగ్గు, పదేపదే ఛాతీలో గురక ఉంటే మింగడంలో లోపం ఉందేమో చూపించాలి. జికా పిల్లల్లో ఇది మొదటి నెలల్లో లేకుండా తర్వాత కూడా మొదలవుతుంది.

7. పేరు తేలేదాకా శిక్షణ ఆపకండి

జబ్బు పేరు ఖాయమయ్యాక ఫిజియోథెరపీ మొదలుపెడదామని చాలామంది ఆగుతారు. ఆ ఆగిన నెలలే మెదడు కొత్త దారులు వేసుకునే నెలలు. అనుమానం చాలు, మొదలుపెట్టండి. రోజూ మెలకువగా ఉన్నప్పుడు కొద్దికొద్దిసేపు బోర్లా పడుకోబెట్టి ఎదురుగా మీ ముఖం ఉంచండి. బిడ్డ ఉంగా అంటే మీరూ ఉంగా అని, జవాబు కోసం ఆగండి. స్నానం చేయిస్తూ చేయి, కాలు, నీళ్లు అని పేర్లు చెప్పండి. వారానికి ఒకసారి వచ్చే థెరపిస్టు మీ బిడ్డతో గంట గడుపుతారు. మిగతా గంటలన్నీ మీవే. ఆ గంటలో ఏం చేశారో మీరు చేసి చూపించి, సరిగ్గా ఉందో లేదో సరిచేయించుకోండి.

8. మాట, మనసు, బడి

9, 18, 30 నెలల వయసుల్లో ఎదుగుదల ప్రశ్నావళితో చూడమని, 18, 24 నెలలకు ఆటిజం వడపోత చేయమని అడగండి. ఈ అడగడానికి చరిత్రలో కారణం ఉంది. 1964, 65 సంవత్సరాల్లో అమెరికాలో రుబెల్లా విజృంభించి సుమారు 20,000 మంది పిల్లలు దాని ప్రభావంతో పుట్టారు. వారిలో 243 మందిని పరిశీలించిన స్టెల్లా చెస్ అనే మానసిక వైద్యురాలు, మామూలుగా కనిపించే దానికంటే ఎన్నో రెట్లు ఎక్కువగా ఆటిజం ఉన్నట్టు 1971లో వెల్లడించారు. రుబెల్లా పిల్లలకు పెద్దయ్యాక మధుమేహం, థైరాయిడ్ సమస్యలు కూడా వచ్చే అవకాశం ఉంది కాబట్టి వాటి పరీక్షలు పుస్తకంలో చివరి పేజీల దాకా సాగాలి.

ధైర్యం చెప్పే మాట కూడా ఉంది. లక్షణాలు లేకుండా పుట్టి, రెండేళ్లకు వినికిడి సవ్యంగా ఉన్న సీఎంవీ పిల్లలను 18 ఏళ్ల దాకా పరిశీలిస్తే, తెలివితేటల్లో వారు వైరస్ సోకని పిల్లలకు ఏమాత్రం తీసిపోలేదు.

9. ఇంట్లో మిగతావారు, తర్వాతి గర్భం

సీఎంవీ పిల్లల ఉమ్మిలో, మూత్రంలో ఏళ్ల తరబడి వైరస్ ఉంటుంది. అలాగని బిడ్డను ఎవరికీ దూరం పెట్టనక్కర్లేదు. మామూలు పిల్లల్లో కూడా చాలామంది ఇలాగే వైరస్‌ను వదులుతుంటారు. గర్భిణులు ఏ పసివాళ్ల డైపర్ మార్చినా సబ్బుతో చేతులు కడుక్కోవడం, ఎంగిలి చెంచా పంచుకోకపోవడం చాలు. రుబెల్లాతో పుట్టిన బిడ్డ మాత్రం ఏడాది లేదా అంతకుమించి వైరస్‌ను వదలవచ్చు. టీకా వేయించుకోని గర్భిణులు ఆ బిడ్డకు దూరంగా ఉండాలి. రుబెల్లా టీకా గర్భం రాకముందే వేయించుకోవాలి, వేయించుకున్నాక నెల రోజులు గర్భం రాకుండా చూసుకోవాలి.

తల్లులకు ఒక మాట. సీఎంవీ చాలామందిలో కాస్త జ్వరంలా వచ్చిపోతుంది, కొందరికి అదీ తెలియదు. మీరు చేసిన తప్పేమీ లేదు. నేను ఏడాది పాటు ఆ మూడో నెలలో ఎవరి బిడ్డను ముద్దుపెట్టుకున్నానా అని లెక్కలు వేసుకున్నాను. ఆ ఏడాదిలో నా నిద్ర పోయింది తప్ప, పిల్ల చెవికి ఒరిగిందేమీ లేదు. ఎవరితోనైనా చెప్పుకోండి. దిగులు తగ్గకపోతే మీ కోసం కూడా వైద్యుల దగ్గరకు వెళ్లండి.

10. టీచరుకు ఒక పేజీ

బడిలో చేర్చే రోజున నోటు పుస్తకం మొత్తం ఇవ్వకండి, ఎవరూ చదవరు. ఒక్క పేజీ రాసి ఇవ్వండి: ఏ చెవి వినబడుతుంది, ఏ కన్ను బలహీనం, ఎంతసేపటికి అలసిపోతుంది, మూర్ఛ వస్తే ఏం చేయాలి. మా పేజీలో ఇలా రాశాను: "ఎడమ చెవి వినబడదు. కుడి చెవి మీ వైపు ఉండేలా ముందు వరసలో ఎడమ చివర కూర్చోబెట్టండి. బల్లకు దగ్గరలో ఫ్యాను, కిటికీ గోల లేకుండా చూడండి. బోర్డు వైపు తిరిగి మాట్లాడితే అందదు. మధ్యాహ్నానికి అలసిపోతుంది, అది బద్ధకం కాదు." ఏటా టీచరు మారినప్పుడల్లా కొత్త పేజీ రాసేదాన్ని. ఈ ఏడాది రాయబోతుంటే అమ్మాయి కాగితం తన వైపు లాక్కుని, కింద తన చేతిరాతతో ఇంకో వాక్యం చేర్చింది: "నేను పలకకపోతే కుడివైపుకు వచ్చి పిలవండి."